దెయ్యం సినిమా ఎవర్ని చూసి భయపడమంటోంది?

ఈ ఎపిసోడ్ మొత్తం హారర్. గత నాలుగైదేళ్ళలో వచ్చినవాటిలో నాకు గుర్తుండిపోయిన కొన్ని సినిమాల గురించి మాట్లాడుకుందాం. మన తెలుగువి, పక్క భాషలవి, రెండు ఇంగ్లీషువి. స్టార్లు, రేటింగులు ఇవ్వట్లేదు. భయపెట్టిందా లేదా అన్నది తేల్చుకోవడానికి నేనెందుకు చెప్పండి? రాత్రి పదకొండింటికి లైట్ ఆపేసి, ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని, ఒక పావుగంట చూస్తే మీకే తెలిసిపోతుంది.

నాకున్న ప్రశ్న వేరే. ఒక సినిమా రెండున్నర గంటలు మనల్ని భయపెట్టిందనుకుందాం. మరి ఎవర్ని చూసి భయపడమంది? దెయ్యాన్ని చూసి అని మీరంటారు. సరే, ఆ దెయ్యం బతికున్నప్పుడు ఎవరు? ఊరి జమీందారా, కొత్తగా ఊళ్ళోకి వచ్చిన బీదవాళ్ళా, మొగుడు లేని ఆడమనిషా, మతం వేరైన మనిషా? హారర్ సినిమా చూసి బయటికొచ్చాక కథ మర్చిపోతాం గానీ, ఈ ఒక్క ముక్క మాత్రం మనకి తెలియకుండానే లోపల ఉండిపోతుంది. అందుకే దీన్ని పట్టుకుని మాట్లాడదామనుకున్నా.

క్లైమాక్సులు చెప్పను, భయపడకండి. వెపన్స్‌లో ఒక పాత్ర గురించి మాత్రం చెప్పక తప్పదు. ఆ సినిమా ఇంకా చూడనివాళ్ళు ఒక రెండు పేరాలు దాటేసి కిందికెళ్ళండి.

వెపన్స్ 2025 ఆగస్టులో వచ్చింది, డైరెక్టర్ జాక్ క్రెగర్. ఒక ఊళ్ళో, ఒకే క్లాసులో చదివే పదిహేడు మంది పిల్లలు, రాత్రి 2:17కి, ఎవరింట్లోంచి వాళ్ళు లేచి, తలుపు తీసుకుని, చేతులు రెండు పక్కలా చాచి చీకట్లోకి పరిగెత్తుతారు. మళ్ళీ కనపడరు. ఆ క్లాసులో ఒక్క పిల్లాడే మిగులుతాడు. ఇంత మంచి ఓపెనింగ్ ఈ మధ్య నేను చూడలేదు. రక్తం లేదు, అరుపు లేదు. పిల్లలు పరిగెత్తే ఆ తీరు ఒక్కటే. దాంతోనే ఒళ్ళు జలదరిస్తుంది.

తర్వాత ఊరంతా ఎవరి మీద పడుతుంది? టీచర్ మీద. జస్టిన్ అనే ఆ అమ్మాయి పెళ్ళి చేసుకోలేదు, కాస్త తాగుతుంది, ఊరికి కొత్త. ఇంకేం కావాలి? ఆమె కారు మీద ఎర్ర రంగుతో మంత్రగత్తె అని రాసిపెడతారు. అమెరికాలో తీసిన సినిమా అయినా, ఈ భాగం చూస్తున్నంతసేపూ నాకు మన ఊళ్ళే గుర్తొచ్చాయి. ఏదైనా కారణం తెలియని కష్టం వస్తే జనం ముందు ఒక ఆడమనిషిని వెతుక్కుంటారు, ఆ వెతుకులాటని క్రెగర్ భలే పట్టుకున్నాడు. కానీ చివరికొచ్చేసరికి ఏం చేశాడు? అసలు పని చేసింది ఇంకొక ఆడమనిషి అన్నాడు. విగ్గు పెట్టుకుని, మొహానికి రంగులు పులుముకుని, జబ్బుతో ఉన్న ఒక ముసలావిడ. ఎమీ మాడిగన్ ఆ పాత్రని అద్భుతంగా చేసింది, అందులో మాటే లేదు. ఆవిడ నవ్వితే నవ్వాలో పారిపోవాలో అర్థం కాదు. అయినా లోపల ఒక ముల్లు ఉండిపోయింది. ఊరి అనుమానం తప్పు కాదట, అనుమానించిన మనిషే తప్పట! అంతేనా చెప్పదల్చుకున్నది?

ఇక మన దగ్గరికి వద్దాం.

విరూపాక్ష. 2023 ఏప్రిల్‌లో వచ్చింది, డైరెక్టర్ కార్తీక్ దండు, స్క్రీన్‌ప్లే సుకుమార్. హీరో సాయి ధరమ్ తేజ్. తెలుగులో ఈ మధ్య హారర్ థియేటర్లకి జనాన్ని మళ్ళీ లాక్కొచ్చింది అంటే ముందు దీని పేరే చెప్పాలి. అజనీష్ లోక్‌నాథ్ సౌండ్ మీరు ఫోన్ స్పీకర్లో విని ఉంటే మాత్రం సగం సినిమా చూడనట్టే లెక్క. రుద్రవనం అనే ఊరిని కట్టిన తీరు, ఊళ్ళో మరణాలు మొదలయ్యాక అష్టదిగ్బంధనం పేరుతో ఎవరూ లోపలికి రాకుండా, బయటికి పోకుండా పొలిమేరలు మూసేయడం, ఇదంతా చాలా బాగుంది. మనం కూడా ఆ ఊళ్ళో ఇరుక్కుపోయామనిపిస్తుంది. కరోనా లాక్‌డౌన్ చూసొచ్చినవాళ్ళం కదా, ఆ ఇరుకు మనకి ఇంకా బాగా ఎక్కింది.

ఇప్పుడు దీని మొదలు గుర్తు తెచ్చుకోండి. బయటి నుంచి వచ్చిన ఒక జంట ఆ ఊళ్ళో ఉంటుంది. ఊళ్ళో చావులు మొదలవుతాయి. క్షుద్రపూజలు చేస్తున్నారని అనుమానించి ఊరంతా కలిసి ఆ ఇద్దర్నీ కాల్చేస్తారు. చనిపోతూ ఆవిడ శాపం పెడుతుంది. పన్నెండేళ్ళ తర్వాత కథ మొదలవుతుంది. ఆ కాల్చే సీన్ తీసింది మామూలుగా కాదు. ఆ రెండు నిమిషాలు నాకు దెయ్యం గుర్తులేదు, ఊరే గుర్తుంది. మనం రోజూ చూసే మొహాలు, చేతిలో కాగడాలు.

సినిమా అక్కడే కాసేపు ఆగి ఉంటే బాగుండేది. ఆగలేదు. ఊరు చేసింది తప్పు అని ఒక మాట అనేసి, ఆ తర్వాత రెండు గంటల పాటు ఆ శాపం నిజమైతే ఎంత భయంకరంగా ఉంటుందో చూపించింది. చంపినవాళ్ళు ఎలా బతికారు, పక్కింట్లో కాల్చేసిన వాసన వచ్చినవాళ్ళకి ఆ రాత్రి నిద్ర ఎలా పట్టింది? ఇవేవీ మనకి చెప్పదు. కథ మొత్తం కాల్చినవాళ్ళని కాపాడటం చుట్టూ తిరుగుతుంది, మనం కూడా కాల్చినవాళ్ళ వైపే ఉండి సీటు చివర కూర్చుంటాం. సినిమాగా పాస్, అదీ మంచి మార్కులతో. కానీ మన చేత ఎటు వైపు కూర్చోబెట్టిందో చూడండి.

ఇందులో ఏముంది బ్రో, సినిమానే కదా అనకండి. అక్కడికే వస్తున్నా.

మా అమ్మమ్మ వాళ్ళ ఊళ్ళో ఒక ముసలమ్మ ఉండేది. భర్త పోయాడు, పిల్లలు లేరు, ఊరి చివర రేకుల ఇల్లు. ఆమె ఎదురొస్తే పిల్లలు అన్నం గిన్నె మీద చెయ్యి అడ్డం పెట్టుకునేవాళ్ళు, దిష్టి తగులుతుందని. ఎవరి గేదె అయినా పాలివ్వడం మానేస్తే చూపులన్నీ ఆ రేకుల ఇంటి వైపే. ఎవరూ ఏమీ చేసింది లేదు, మాటలే. ఊళ్ళో ఆమెతో కూర్చుని మాట్లాడేది మా అమ్మమ్మ ఒక్కతే అనుకుంటా. మసూద ఓటీటీలోకి వచ్చాక ఒక పండక్కి వెళ్తే, పిల్లలు ఆమెని ఏమని పిలుస్తున్నారో తెలుసా? మసూద. దూరం నుంచి అరిచి పరిగెత్తేవాళ్ళు. ఆమెకి ఆ పేరేంటో కూడా తెలీదు. ఎవరో చుట్టాలమ్మాయి పేరు అనుకుని, నా పేరు అది కాదురా అనేది.

అది మాటలతో ఆగింది. అన్ని చోట్లా ఆగదు. బాణామతి చేస్తున్నారనో, చేతబడి చేశారనో అనుమానించి మనుషుల్ని కొట్టడం, చంపడం తెలుగు రాష్ట్రాల్లో ఎప్పుడో పాతకాలం సంగతి కాదు, ఇప్పటికీ వార్తల్లో చదువుతూనే ఉన్నాం. మంత్రం సరిగా పలకలేకుండా చెయ్యాలని పళ్ళు ఊడగొట్టిన సంఘటనలు ఉన్నాయి. తెలంగాణ జిల్లాల్లో పోలీసు కళాబృందాలు డప్పు పట్టుకుని ఊరూరా తిరిగి, ఇవన్నీ లేవురా నాయనా అని పాటలు కట్టి పాడేది అందుకే. మహారాష్ట్రలో మూఢనమ్మకాల మీద దశాబ్దాల పాటు పోరాడిన డాక్టర్ నరేంద్ర దభోల్కర్‌ని 2013 ఆగస్టు 20న పుణేలో కాల్చి చంపారు. ఆయన ఏళ్ళ తరబడి అడిగిన చట్టం ఆయన పోయాకే, అదే ఏడాది వచ్చింది. అంటే దెయ్యం సినిమా తియ్యొద్దంటున్నానా? అస్సలు కాదు. నాకంటే దెయ్యం సినిమాల పిచ్చోడు మా ఇంట్లో ఇంకొకడు లేడు. ఆ కాల్చే సీన్ మన దగ్గర ఊహ కాదు అని గుర్తుపెట్టుకుని తియ్యమంటున్నా, అంతే.

సరే, మసూద మాట వచ్చింది కాబట్టి దాని గురించే. 2022 నవంబర్, డైరెక్టర్ సాయికిరణ్. పిల్లలు పేరు వాడుకున్నందుకు సినిమా మీద కోపం పెట్టుకోవడం న్యాయం కాదు, ఎందుకంటే ఇది నిజంగా మంచి సినిమా. తెలుగు హారర్‌లో చాలా కాలం ఒక అలవాటు ఉండేది. దెయ్యం వచ్చే ముందు ఒక కామెడీ బ్యాచ్, వచ్చాక ఇంకొంచెం కామెడీ. ప్రేమకథా చిత్రమ్, గీతాంజలి, రాజుగారి గది రోజుల నుంచి అదే నడిచింది. మసూద ఆ అలవాటు మానేసింది. సంగీత చేసిన నీలం అనే తల్లి, స్కూల్ టీచర్, భర్తతో విడిపోయి కూతురు నాజియాతో ఒక ఫ్లాట్‌లో ఉంటుంది. పక్కింటి కుర్రాడు గోపి. తిరువీర్ ఆ పాత్రలో ఎంత బాగా భయపడ్డాడంటే, మన హీరోలకి భయపడటం రాదు అన్న సంగతి అప్పుడు తెలిసింది నాకు. హీరో వణికితేనే కదా మనకి వణుకొచ్చేది! కూతురికి ఏమయ్యిందో అర్థం కాక ఆ తల్లి పడే అవస్థలో దెయ్యం లేకపోయినా భయం ఉంటుంది. ఒంటరిగా పిల్లని పెంచుతున్న ఆడమనిషి రాత్రి రెండింటికి ఎవరి తలుపు కొట్టాలి? ఆ ప్రశ్నే అసలు హారర్.

ఫ్లాష్‌బ్యాక్ దగ్గర మాత్రం నేను తడబడ్డా. మనల్ని చూసి భయపడమన్నది నల్ల బురఖాలో ఉన్న ఆకారాన్ని. దానికి జవాబుగా సాయం చేసేది కూడా ఒక ముస్లిం పెద్దాయనే, బాధపడే కూతురు నాజియానే, కాబట్టి డైరెక్టర్‌కి దురుద్దేశం ఉందని నేను అనను. కానీ థంబ్‌నెయిల్‌గా మిగిలింది ఏది? బురఖా. ఫోన్‌లో స్క్రోల్ చేసేవాడికి కథ కనపడదు, ఆ బొమ్మే కనపడుతుంది. దీనికి ఇంకా మంచి దారి ఉండేదని నా నమ్మకం, ఎందుకంటే మొదటి గంటలో ఏ బొమ్మా లేకుండానే మనల్ని గజగజలాడించారు.

పొలిమేర గురించి త్వరగా. 2021 డిసెంబర్‌లో మొదటి భాగం నేరుగా హాట్‌స్టార్‌లో వచ్చింది, అనిల్ విశ్వనాథ్ తీశాడు. చేతిలో డబ్బులు తక్కువ ఉన్నట్టు ప్రతి ఫ్రేమ్‌లో తెలుస్తుంది, అయినా భయం పుట్టింది. కారణం సత్యం రాజేష్. ఇన్నేళ్ళు మనం నవ్వుకున్న మొహం అది. అదే మొహం ఆటో నడుపుకునే కొమిరిగా ఏ భావమూ లేకుండా మనవైపు చూస్తే ఎలా ఉంటుందో చూడండి. ఇక్కడ నాకు నచ్చింది ఏంటంటే, చేతబడి అన్నది ఊరి చివర ముసలమ్మ దగ్గర లేదు. మన మధ్య తిరిగే, అందరికీ సాయం చేసే, మనం నమ్మే మనిషి దగ్గర ఉంది. వాడికి ఒక అవసరం ఉంది, ఒక లెక్క ఉంది. రెండో భాగం 2023 నవంబర్‌లో థియేటర్లకి వచ్చింది. గుడి, నిధి అంటూ కథ పెద్దదయ్యింది, భయం చిన్నదయ్యింది. డబ్బులు మాత్రం బాగానే వచ్చాయి, సంతోషం.

ఆ నెలలోనే మంగళవారం. అజయ్ భూపతి. గోదావరి వైపు పల్లెటూరు, ఊళ్ళో ఎవరికి ఎవరితో సంబంధం ఉందో గోడల మీద పేర్లు రాసి ఉంటాయి, ఆ ఇద్దరూ మంగళవారం పూట శవాలై కనపడతారు. ఐడియా అంటే ఇలా ఉండాలి. గోడ మీద రాత కంటే ఆ రాత చదువుతున్న జనం మొహాల్లో ఆనందం చూడండి, అది భయపెట్టేది. పోస్ట్‌మార్టం చెయ్యాల్సిందే అని పట్టుబట్టే లేడీ ఎస్సై ఒకామె ఉంది, ఆమె మాట ఎవరూ వినరు. సెకండాఫ్‌లో పాయల్ రాజ్‌పుత్ పాత్ర కథ తెలిశాక, మనం అప్పటిదాకా ఊరితో కలిసి ఆమె గురించి ఏం అనుకున్నామో గుర్తొచ్చి సిగ్గేస్తుంది. అక్కడి వరకూ సెభాష్. మరి అదే పాత్రని కెమెరా చూసిన చూపు? ఊళ్ళో మగాళ్ళు చూసినట్టే చూసింది. ఊరి చూపు తప్పు అని చెప్తూ అదే చూపు మన చేతికిస్తే ఎలా సార్?

ఇప్పుడు నాకు ఎక్కువ ఇష్టమైన దాని దగ్గరికి వచ్చాం. భ్రమయుగం. మలయాళం, 2024 ఫిబ్రవరి, రాహుల్ సదాశివన్. మొత్తం బ్లాక్ అండ్ వైట్. ముఖ్యమైన మనుషులు ముగ్గురే, ఒకటే ఇల్లు, ఆగని వాన. రీల్స్ చూసే అలవాటున్న మనం రెండు గంటల పైన ఇది ఎలా చూస్తాం అనుకుంటారు. కూర్చోండి, చూస్తారు.

పదిహేడో శతాబ్దం మలబారు. తేవన్ అని ఒక పాటగాడు, కింది కులం వాడు, బానిసత్వం తప్పించుకుని అడవిలో పారిపోతుంటాడు. ఆకలి. ఒక పాడుబడ్డ పెద్ద ఇల్లు కనపడుతుంది. అందులో ఒక వంటవాడు, ఇంటి యజమాని కొడుమన్ పోట్టి. పోట్టిగా మమ్ముట్టి. డెబ్బై దాటిన మనిషి, వందల సినిమాల స్టార్, అలాంటి పాత్రకి ఒప్పుకోవడమే ఒక వార్త. పోట్టి ఏం చేస్తాడు? అరవడు, కొట్టడు. కూర్చోమంటాడు. పాట పాడమంటాడు. కులం అడగను, నువ్వు నా అతిథివి అన్నట్టు ఉంటాడు. తేవన్‌కి కళ్ళనీళ్ళొచ్చేంత మర్యాద! తర్వాత పాచికలు తీస్తాడు. నా దగ్గర పందెం కాయడానికి ఏముంది సామీ అంటే, నీ దగ్గర కాలం ఉంది కదా అంటాడు. ఓడిపోతే వాడికి మిగిలిన రోజులు పోట్టివి.

అంతే. ఇంకే దెయ్యం కావాలి? పెద్దింట్లో అప్పు తీసుకుని తరతరాలు వెట్టి చేసిన ఊళ్ళ నుంచి వచ్చినవాళ్ళం మనం. ఆ పాచికల సీన్‌లో నాకు కేరళ కనపడలేదు, మా తాతల నాటి దొర గడీ కనపడింది. వాకిట్లో నిలబెట్టి, నవ్వుతూ మాట్లాడి, వేలిముద్ర వేయించుకునే గడీ. ఇక్కడ భయం పైకి చూస్తుంది, ఎవరి చేతిలో అధికారం ఉందో అటు వైపు. పోట్టి నవ్వినప్పుడు మనం ఎందుకు వణుకుతామంటే, ఆ నవ్వు అవతలివాడికి నో చెప్పే హక్కు లేదని తెలిసినవాడి నవ్వు. చివర్లో ఆ ఇల్లు, ఆ అధికారం ఏమవుతాయో చెప్పను గానీ, ఒక్క రాక్షసుడు పోతే అంతా బాగైపోతుందని సినిమా మనకి చాక్లెట్ ఇవ్వదు.

ఇదే డైరెక్టర్ అంతకు ముందు భూతకాలం తీశాడు, 2022 జనవరిలో సోనీలివ్‌లో వచ్చింది. డిప్రెషన్‌తో ఉన్న తల్లి రేవతి, పని దొరకని కొడుకు షేన్ నిగమ్. ఇంట్లో ఏదో ఉందని కొడుకు అంటాడు. తల్లికి ఉన్న జబ్బే కొడుక్కీ వచ్చిందని చుట్టాలు తీర్మానిస్తారు. దెయ్యం ఉందా లేదా అన్నదానికంటే, మనం చెప్పేది ఎవరూ నమ్మకపోవడం ఎంత భయంకరమో చూపిస్తుంది. ఇది ఇంకా చూడనివాళ్ళుంటే ఈ ఆదివారం చూడండి.

ఇంగ్లీషులో దీనికి దగ్గరగా అనిపించింది సిన్నర్స్. 2025 ఏప్రిల్, ర్యాన్ కూగ్లర్. 1932, అమెరికాలో మిసిసిపీ, క్లార్క్స్‌డేల్ ఊరు, పత్తి చేలు. స్మోక్, స్టాక్ అని కవల అన్నదమ్ములు, ఇద్దరూ మైకేల్ బి. జోర్డానే. షికాగోలో సంపాదించుకొచ్చిన డబ్బుతో ఒక తెల్లాయన దగ్గర పాత మిల్లు కొని, నల్లవాళ్ళ కోసం ఒక పాటల చోటు తెరుస్తారు. మొదటి రాత్రే రక్తం తాగే వాంపైర్లు గుమ్మం ముందు నిలబడతాయి. రూల్ ఒకటే, లోపలున్నవాళ్ళు రమ్మంటే తప్ప లోపలికి రాలేవు.

మనకి ఈ రూల్ కొత్త కాదు. తొంభైల్లో మన ఊళ్ళలో తలుపుల మీద ఓ స్త్రీ రేపు రా అని రాసేవాళ్ళని మీ అమ్మానాన్నని అడగండి, చెప్తారు. కర్ణాటకలో నాళె బా అనేవాళ్ళు, హిందీలో స్త్రీ సినిమా ఆ కథలోంచే పుట్టింది. గుమ్మం బయట ఏదో ఉంది, పిలవకూడదు, తలుపు తియ్యకూడదు. తేడా ఏంటంటే, మన కథలో బయట నిలబడ్డది ఒక ఆడమనిషి. కూగ్లర్ కథలో బయట నిలబడ్డవాడు బాంజో పట్టుకుని, చక్కగా పాడుతూ, మాతో కలిస్తే మీకు కులం రంగు గొడవ ఉండదు, అందరం ఒకే కుటుంబం అంటాడు. ఆఫర్ బాగుంటుంది, అదే భయం! ఒక్క క్షణం వెళ్ళిపోతే బాగుండు అనిపిస్తుంది. మధ్యలో ఒక పాట ఉంది, ఆ కుర్రాడు శామీ పాడుతుంటే ముందు తరాల వాళ్ళు, రాబోయే తరాల వాళ్ళు అదే గదిలోకి వచ్చి ఆడతారు. థియేటర్లో చప్పట్లు కొట్టా, పక్కనున్నాయన నన్ను వింతగా చూశాడు. క్లైమాక్స్ ఫైట్ కాస్త కంగారుగా, అందరూ ఒకేసారి ఒకే చోట అయిపోయి, గందరగోళంగా ఉంది. అది పట్టించుకోను.

హిందీ స్త్రీ 2 గురించి ఒక్క ముక్క. 2024 ఆగస్టు 15న వచ్చి డబ్బుల వాన కురిపించింది. మొదటి భాగంలో దెయ్యం మగాళ్ళని ఎత్తుకెళ్ళేది, ఇందులో తల లేని మగ దెయ్యం ఒకటి సొంతంగా ఆలోచించే అమ్మాయిల్ని ఎత్తుకెళ్తుంది. పాయింట్ భలే ఉంది, కానీ పాటలు, గెస్ట్ రోల్స్, జోకుల మధ్య ఆ పాయింట్ ఎక్కడో పారేసుకున్నారు.

తుంబాడ్ 2018 సినిమా, ఇప్పుడెందుకు అంటారా? 2024 సెప్టెంబర్‌లో రీ రిలీజ్ చేస్తే మొదటిసారి వచ్చినదానికంటే ఎక్కువ వసూలు చేసింది. అప్పుడు చూడనివాళ్ళంతా ఫోన్‌లో చూసి, నోటి మాటతో పెరిగి, మళ్ళీ థియేటర్‌కి పరిగెత్తారు. అందులో హస్తర్ అనే రాక్షసుణ్ణి చూసి భయపడం, వాడి దగ్గర్నుంచి బంగారు నాణేలు దొంగిలించడానికి తాడు పట్టుకుని మళ్ళీ మళ్ళీ దిగే మనిషిని చూసి భయపడతాం. కొడుక్కి కూడా ఆ పని నేర్పిస్తాడు చూడండి, అక్కడ.

మళ్ళీ తెలుగుకి. 2025లో రెండు. శుభం మేలో వచ్చింది, సమంత నిర్మాత, సినిమా బండి తీసిన ప్రవీణ్ కండ్రేగుల డైరెక్టర్. భీమునిపట్నంలో కేబుల్ టీవీ నడుపుకునే కుర్రాడు. కొత్త పెళ్ళాం రాత్రి తొమ్మిదయ్యేసరికి కళ్ళార్పకుండా టీవీ ముందు కూర్చుంటుంది, జన్మజన్మల బంధం సీరియల్ అయ్యేదాకా మొగుడు నోరెత్తకూడదు. ఫ్రెండ్ పెళ్ళాం కూడా అంతే. నవ్వించింది, బాగా నవ్వించింది. ఆల్ఫా మేల్ అని ఎగిరిన మొగుళ్ళు పెళ్ళాం సీరియల్ చూస్తుంటే గోడకి అతుక్కుపోవడం కంటే చక్కటి హారర్ ఏముంది? ఇంట్లో పెళ్ళానికి ఏం కావాలో ఎప్పుడూ అడగని మొగుడు, ఆమెకి దెయ్యం పట్టాకే ఏం కావాలమ్మా అని అడుగుతాడు. ఇంతకంటే లోతుకి వెళ్ళొచ్చు, వెళ్ళలేదు, రెండు గంటల్లో నవ్వించి పంపేశారు. అయినా మర్యాదగా తీశారు.

కిష్కింధపురి సెప్టెంబర్. పాడుబడ్డ ఇళ్ళకి జనాన్ని టూర్‌గా తీసుకెళ్ళే జంట, సువర్ణమాయ అనే పాత రేడియో స్టేషన్. చీకట్లో ఆగిపోయిన రేడియోలోంచి గొంతు రావడం, అంతవరకు సౌండ్ వాళ్ళకి దండం పెట్టాలి. రేడియో విని పెరిగిన మన పెద్దవాళ్ళకి ఇది ఇంకా ఎక్కువ తగులుతుంది. ఆత్మ ఎవరు, ఎందుకు అని పూసగుచ్చినట్టు చెప్పడం మొదలెట్టగానే మాత్రం గొంతు పోయింది, ఫైట్ వచ్చింది. మన తెలుగు హారర్‌కి ఈ సెకండాఫ్ ఫ్లాష్‌బ్యాక్ రోగం ఎప్పుడు వదులుతుందో. దెయ్యానికి ఆధార్ కార్డు ఇచ్చేదాకా వదలరు.

ఒక ఫ్రెండ్ అడిగాడు, హారర్‌లో మంత్రం నిజం కాకపోతే ఇంక సినిమా ఏముంది అని. నిజమే కానీ, భ్రమయుగంలోనూ మంత్రం నిజమే కదా. పొలిమేరలోనూ నిజమే. మంత్రం ఉంటే పేచీ లేదు నాకు. ఆ మంత్రం ఎవరి చేతిలో పెట్టావు అన్నదే. దొర చేతిలో పెడితే ఒక సినిమా, ఊరి చివర రేకుల ఇంట్లో పెడితే ఇంకో సినిమా. రెండోది చూసి ఇంటికెళ్ళే దారిలో ఆ రేకుల ఇల్లు నిజంగానే ఉంటుంది.

సరే, ఫోన్‌లో చూసేవాళ్ళకి ఒక చిన్న మాట. భ్రమయుగం సోనీలివ్‌లో తెలుగు డబ్బింగ్‌తో ఉంది. చూసే ముందు ఆటో బ్రైట్‌నెస్ ఆపేయండి, లేకపోతే దీపం దగ్గర మమ్ముట్టి మొహం ఒకసారి తెల్లగా, ఒకసారి నల్లగా అయిపోయి మూడ్ పోతుంది. విరూపాక్ష, కిష్కింధపురి ఇయర్‌ఫోన్స్ లేకుండా చూడకండి. భూతకాలం ఇంట్లో ఎవరో ఒకరు మేలుకుని ఉన్నప్పుడు పెట్టుకోండి. వచ్చే ఎపిసోడ్‌లో మన పాత క్షుద్ర నవలలు, యండమూరి తులసిదళం దగ్గర్నుంచి మాట్లాడుకుందాం. ఉంటా మరి, బై.